ఏలీయాకు నంబరు ఎవరు చెబుతారు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నేను చూడని నిమిషంలో మా బాబు తనీష్ తలుపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోతాడని. కెనడాలో ఈ హాలిఫాక్స్ మంచు అంటే నాకిప్పుడు భయం లేదు. ఇమ్మిగ్రేషన్ వాళ్ళ ఈమెయిల్ అంటే కూడా అలవాటైపోయింది. బార్లా తెరిచి ఉన్న తలుపును చూస్తే మాత్రం ఇవాళ్టికీ చేతిలో పని వదిలేసి పరిగెత్తి మూసేస్తాను. నా చిన్నప్పుడు చీరాలలో మా వీధి పిల్ల ఒకతె గడియ వేయని తలుపులోంచి బయటికి నడిచి మురుగు కాలవలో దొరికింది. వాళ్ళమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ తలుపు రెక్కను అరచేత్తో కొడుతూ గుమ్మంలో కూర్చునేది. అటుగా స్కూలుకి వెళ్ళేటప్పుడు నేను చెవులు మూసుకునేదాన్ని.

అందుకని మేము అద్దెకు దిగిన వాటా తలుపుకి గొలుసు పెట్టించాను. గొలుసుకి పూజ గంట కట్టాను. మా ఆయన మహీధర్ నవ్వేవాడు. "ఇది ఇల్లా, గుడా దేవీ?" అనేవాడు. నవ్వితే నవ్వాడు.

ఆ భయం నాది. నా కడుపులో పుట్టింది, నా ఇంట్లో పెరిగింది. దాన్ని నన్ను అడక్కుండా తీసుకుపోయి, దాంతో ఒక పెద్దావిడను ఇంట్లోంచి పంపేశారు. ఏడాది కావొస్తోంది, నా కోపం తగ్గలేదు. తగ్గకూడదనే రాస్తున్నాను.

ఆవిడ పేరు ఎస్తేర్. మేముండే చెక్క ఇల్లు ఆవిడదే. కింద వాటాలో ఆవిడ ఒక్కతే, పై వాటాలో మేము ముగ్గురం, వీధి తలుపు అందరికీ ఒకటే. ఎనభై దాటిన మనిషి, యూదులావిడ. యుద్ధం అయిపోయాక, ఏడేళ్ళ పిల్లగా తల్లి చెయ్యి పట్టుకుని ఓడలో వచ్చి, ఈ ఊరి రేవులోనే దిగిందట. "అందరూ రైలెక్కి టొరంటో, మాంట్రియల్ పోయారు. మా అమ్మ మాత్రం దిగిన చోటే ఉంటానంది. మళ్ళీ ఎవరైనా తరిమితే ఓడ దగ్గరగా ఉంటుందని" అని చెప్పి నవ్వేది. కొడుకు హోవర్డ్ టొరంటో పక్కన ఏజాక్స్‌లో ఉంటాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, ఇల్లు అమ్మేసి తన ఊరు వచ్చేయమని, అక్కడ మంచి వృద్ధుల హోమ్ చూశానని చెప్పేవాడు. ఆవిడ వినేది, "సరే నాన్నా, తిన్నావా?" అని పెట్టేసేది.

మొదటి రోజు పేరు చెప్పగానే నాకు నవ్వొచ్చింది. "మా మిషన్ స్కూల్లో నా బెంచీలో కూర్చునే పిల్ల పేరు ఎస్తేరు రాణి. మా ఊళ్ళో వీధికో ఎస్తేరు ఉంటుంది" అన్నాను.

"ఇండియాలో? యూదులా?"

"కాదు, క్రిస్టియన్లు. ఎస్తేరు, మోషే, దావీదు, పేర్లన్నీ మీవే."

"మా పేర్లు అంత దూరం తీసుకుపోయి, మాకొక ముక్క చెప్పలేదు చూడు" అంది.

ఆంటీ అని పిలిస్తే ఒప్పుకోలేదు. తన వయసుకి అది అబద్ధం అంది. మా వైపు నానమ్మని ఏమంటామో అడిగింది. అప్పట్నుంచి నాకూ తనీష్‌కీ ఆవిడ మామ్మే. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అమ్మకి పక్షవాతం వచ్చి ఇంటర్ మధ్యలోనే మానేశాను. ఆవిడకి నా తప్పులతో ఇబ్బంది ఉండేది కాదు. "మా అమ్మ ఇంగ్లీషు ఇంకా ఘోరం. అయినా చేపలవాడితో బేరం ఎప్పుడూ ఓడలేదు" అనేది.

కిందటి ఏప్రిల్‌లో ఒకరోజు మామ్మ మెట్ల మీద నిలబడి గాలి పీల్చింది. "ఏదో పులుస్తోంది" అంది.

"ఇడ్లీ పిండి మామ్మా."

"నీ పిండి నీది, నాకు సంబంధం లేదు. కానీ ఈ వారం నా కలలోకి వస్తుంది."

వాళ్ళకి పస్కా దగ్గర పడుతోంది. ఆ మాట నాకు కొత్త కాదు. స్కూల్లో పొద్దున ప్రార్థనలో విన్నదే. పస్కా, పులియని రొట్టెలు, ఐగుప్తు, ఫరో. అర్థం తెలియకుండా బట్టీ పట్టిన మాటలు. అవన్నీ ఒక ఆడమనిషి వంటింట్లో చేసే పనులని ఇక్కడికొచ్చాక తెలిసింది. బానిస బతుకు వదిలి బయటపడ్డ రాత్రి, పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక పులియని పిండినే కాల్చుకుని నడిచారట. అందుకని ఎనిమిది రోజుల పాటు గోధుమ, బార్లీ లాంటి వాటితో చేసి పులిసినదేదీ ఇంట్లో ఉండకూడదు. రొట్టె ముక్క కాదు, పొడి కూడా ఉండకూడదు. మామ్మ సోఫా మడతలు, కోటు జేబులు, టోస్టరు కింద, అన్నీ దులిపింది. ఒక సాయంత్రం దీపాలన్నీ ఆర్పి, కొవ్వొత్తి వెలిగించి, పక్షి ఈక ఒకటి తనీష్ చేతికిచ్చింది. తనే దాచిపెట్టిన రొట్టె ముక్కల్ని వాడు వెతికి ఈకతో చెంచాలోకి ఊడ్చాలి. అది కూడా వాళ్ళ ఆచారమేనట. వాడు ఆ ఆనందంలో రాత్రి అన్నం కూడా తినలేదు.

"బియ్యం కూడా మానేస్తాం మా వాళ్ళం. కొన్ని దేశాల యూదులు తింటార్లే, అదృష్టవంతులు" అంది.

"ఎనిమిది రోజులు అన్నం తినకపోతే మా ఊళ్ళో దాన్ని పండగ అనరు మామ్మా, జ్వరం అంటారు."

పారేయడానికి మనసొప్పని నూడుల్సు, పిండి, బిస్కెట్లు ఒక అట్టపెట్టెలో సర్ది పైకి తెచ్చింది. వాటిని తమవాళ్ళు కానివాళ్ళకి అమ్మేసి, పండగయ్యాక తిరిగి కొనుక్కుంటారట. మిగతావాళ్ళు రబ్బీ అనే తమ మతగురువు చేత చేయిస్తారు కానీ వాళ్ళమ్మ మాత్రం పక్కింటావిడకే అమ్మేదట. "ఊరికే తీసుకుంటే చెల్లదు. ధర ఇవ్వాలి" అంది.

నేను నా నిమ్మకాయ పచ్చడి సీసా ఇచ్చాను.

"ఇందులో ఏముంది?"

"నిమ్మకాయ, ఉప్పు, కారం, మెంతులు, ఇంగువ."

"ఇంగువ అంటే?"

డబ్బా తెచ్చి చూపించాను. కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నేను పుట్టినప్పట్నుంచి తింటున్న ఇంగువలో గోధుమపిండి కలుపుతారని ఆ రోజే తెలిసింది నాకు. "ఇంట్లోంచి గోధుమను పంపించడానికి గోధుమనే ధర ఇచ్చావు" అని దగ్గొచ్చేదాకా నవ్వింది. చివరికి నా జడపిన్ను ఒకటి తీసుకుంది, నీలం రాయి ఉన్నది. పండగ అయ్యాక పిన్ను నాకు, పెట్టె ఆవిడకి. చేతులు కలిపి ఖాయం చేసుకున్నాం.

ఇంత మతి ఉన్న మనిషిని మతిలేనిదన్నారు. ఆ మాట దగ్గరికి వస్తాను.

పండగ మొదటి రాత్రికి హోవర్డ్ రావాలి. చివర్లో ఏదో పనిబడిందన్నాడు. మామ్మ మమ్మల్ని పిలిచింది. బల్ల మీద తెల్లగుడ్డ, మాట్సా అని వాళ్ళు పిలిచే పులియని రొట్టెలు, బానిస బతుకు చేదుకి గుర్తుగా ఘాటు దుంప తురుము, కన్నీళ్ళకి గుర్తుగా ఉప్పునీళ్ళు, బానిసలుగా పేర్చిన ఇటుకల మధ్య అడుసుకి గుర్తుగా ఆపిల్ ముద్ద. మహీధర్ ఆ తురుము చెంచాడు నోట్లో వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "గోంగూర పచ్చిమిర్చికి ఏడవనివాడు దీనికి ఏడ్చాడు" అని నేనంటే, "మూడు వేల ఏళ్ళ ఏడుపు నాయనా, గౌరవంగా ఏడువు" అంది మామ్మ.

ఆ రాత్రి అందరిలోకీ చిన్నవాడు ప్రశ్నలడగాలట. తనీష్ అడిగాడు. "వై ఈజ్ ద బ్రెడ్ ఫ్లాట్?" అన్నాడు. తర్వాత, "వై ఎక్స్‌ట్రా కప్?" అన్నాడు. ఎవరూ తాగని గ్లాసు ఒకటి నిండుగా ఉంది.

"అది ఏలీయాది. ప్రవక్త. ఈ రాత్రి ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. ఆయన కోసం తలుపు తీయాలి. ఆ పని చిన్నవాళ్ళది. వెళ్ళు నాన్నా, వెళ్ళి తియ్యి."

వాడు కుర్చీ దిగాడు. నా చెయ్యి అప్పటికే వాడి మణికట్టు మీద ఉంది.

"తలుపు వద్దు మామ్మా."

"ఒక్క నిమిషం."

"నిమిషమే నాకు భయం. వాడికి తలుపు ముట్టుకోవద్దని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. మీరు వాడి చేత తీయించొద్దు."

మహీధర్ తెలుగులో, "పోనీలే దేవీ, పండగ, పెద్దావిడ" అని గొణిగాడు. మామ్మ నన్ను చూసింది. కోప్పడలేదు.

"మేము కూడా భయంతోనే తీసేవాళ్ళం" అంది. "మా అమ్మ పుట్టిన ఊళ్ళో ఈ పండగ వస్తే పుకార్లు పుట్టేవి. యూదులు తలుపులు వేసుకుని లోపల ఏదో పాపం చేస్తున్నారని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని. జనం కర్రలు పట్టుకుని వచ్చేవాళ్ళు. అందుకని తలుపు తీసి పెట్టేవాళ్ళట. చూసుకోండి, రొట్టె తింటున్నాం, పాటలు పాడుకుంటున్నాం అని. ఏలీయా కోసం అని పిల్లలకి చెబుతాం. పెద్దవాళ్ళకి రెండూ తెలుసు."

నేను లేచి, వాడి చెయ్యి వదలకుండా, ఇద్దరం కలిసి వీధి తలుపు తీశాం. ఏప్రిల్ గాలి చల్లగా లోపలికొచ్చింది. ఎదురింటి ముందు కరగని మంచు, నల్లగా మురికి పట్టి ఉంది. ఎవరూ లేరు.

"వేర్ ఈజ్ హీ?" అన్నాడు తనీష్.

"దారిలో ఉంటాడు. ఆకలిగా ఉన్నవాళ్ళు ఎవరైనా రండి, తినండి అని పిలవాలి మనం. పిలిస్తేనే కదా వచ్చేది" అంది లోపల్నుంచి మామ్మ.

వాడు పిలిచాడు. నేను తలుపు వేసేశాను. ఆ మాట వాడి బుర్రలో ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున మహీధర్ ఆఫీసుకి బయల్దేరాడు. రోజూ "దేవీ, గొలుసు" అని కేకేసి వెళ్తాడు, నేనొచ్చి వేసుకుంటాను. ఆ రోజు చెవుల్లో మీటింగ్ పెట్టుకుని, కేక లేకుండా దిగిపోయాడు. నేను వంటింట్లో పిండి రుబ్బుతున్నాను. గ్రైండరు చప్పుడు ఆపాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది. గొలుసు వేలాడుతోంది. గంట గొలుసుకే ఉంది, గొలుసు వేసి లేదు కాబట్టి తలుపు తీసినా మోగలేదు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. చీరాల ఆవిడ చేత్తో తలుపు కొట్టే చప్పుడు నా తలలో వినిపించింది, ఒట్టు. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. మలుపులో బస్టాపు దగ్గర బస్సు ఆగి ఉంది. దాని మెట్టు దగ్గర మా వాడు, సాక్సులతో, చేతిలో మాట్సా ముక్కతో. దిగేవాళ్ళందరినీ అడుగుతున్నాడు.

"ఆర్ యూ హంగ్రీ? కమ్ ఈట్."

డ్రైవరు తలపాగా పెట్టుకున్న పంజాబీ పెద్దాయన. సీటు దిగి వచ్చి వాడి భుజం పట్టుకుని ఉన్నాడు. "నీ బాబు బస్సంతటినీ భోజనానికి పిలిచాడమ్మా. లోపలికి తీసుకెళ్ళు, కాళ్ళు తడిసిపోయాయి" అన్నాడు. నేను థాంక్స్ చెప్పానో లేదో గుర్తు లేదు. రోడ్డు మీదే కూలబడి వాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నాను.

ఇంటికి రాగానే మామ్మ తలుపు బాదాను. స్నానం చేసి తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది.

"నువ్వు నేర్పావు" అన్నాను. పెద్దవాళ్ళని నువ్వు అనని నోరు నాది. తెలుగులోనే అరిచాను. "తీయమన్నావు, పిలవమన్నావు. వాడు బస్సు కింద పడి ఉంటే ఏ ప్రవక్త వచ్చి లేపుతాడు? ఏం మనిషివి నువ్వు?"

ఆవిడకి తెలుగు రాదు. అయినా అంతా అర్థమైంది. ముఖం తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. తన భాషలో, ఇంగ్లీషు కాని వాళ్ళమ్మ భాషలో, నా మీద అరిచింది. ఇద్దరం ఒకరి మాట ఒకరికి తెలియకుండా గుమ్మంలో నిలబడి అరుచుకున్నాం. మధ్యలో తనీష్ మాట్సా నములుతూ ఒకసారి నన్నూ ఒకసారి ఆవిణ్ణీ చూశాడు. ముందు ఆవిడే ఆగింది.

"నువ్వు అరిచావు, మంచిది" అంది ఇంగ్లీషులో. "నా కొడుకు ఎప్పుడూ అరవడు. మర్యాదగా మాట్లాడతాడు. దానికే నాకు భయం." వెనక్కి తిరిగి లోపలికెళ్ళి సుత్తి, మేకులు, పెద్ద ఇనప కొక్కెం ఒకటి పట్టుకొచ్చింది. "నాకు పొడుగు చాలదు. స్టూలు పట్టుకో."

వీధి తలుపుకి పైన, తనీష్ కుర్చీ వేసుకున్నా అందనంత ఎత్తులో, తన చేత్తో కొక్కెం కొట్టింది. నేను స్టూలు పట్టుకున్నాను. కొండ మీది కోటలో రోజూ పన్నెండింటికి పేల్చే ఫిరంగి పేలింది, ఆవిడ ఉలిక్కిపడి వేలి మీద కొట్టుకుంది, తిట్టింది.

"ఏలీయాకి అందుతుందా ఇది?" అన్నాను. ఇంకా ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాను.

"నీకన్నా పొడుగే అయి ఉంటాడులే" అంది.

మధ్యాహ్నం మాట్సాని నానబెట్టి గుడ్డు కొట్టి వేయించి పైకి పంపింది. నేను బంగాళాదుంప వేపుడు పంపాను, ఇంగువ లేకుండా. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు. గొడవ మొదలైన చోటే అయిపోయింది. ఆ రోజు దాంతో సరిపోయేది.

సరిపోనివ్వలేదు మహీధర్. నేను ఏడుస్తూ ఫోన్ చేసి చెప్పిన పావుగంటకే హోవర్డ్‌కి మెసేజ్ పెట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చి తనే గొప్పగా చూపించాడు. ఆఫీసు ఇంగ్లీషు. దాని సారం ఇది: మీ అమ్మగారు వీధి తలుపు తెరిచి ఉంచుతున్నారు, ఇవాళ మా బాబు రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు, నా భార్య చాలా భయపడింది, పిల్లాడి సేఫ్టీ దృష్ట్యా మీ దృష్టికి తెస్తున్నాను.

రెండుసార్లు చదివాను. "తలుపు మామ్మ తెరిచి ఉంచిందా?" అన్నాను.

"అలా అనలేదు నేను. జనరల్‌గా చెప్పా."

"తలుపు తీసింది మీ కొడుకు. గొలుసు వదిలేసింది మీరు. అది రాయలేదేం?"

"దేవీ, ఓనర్‌కి ఇన్ఫార్మ్ చేయడం మన బాధ్యత. రేపేదైనా అయితే?"

"ఓనరు కింద వాటాలో ఉంది. మెట్లు దిగి చెప్పొచ్చుగా. నేను చెప్పాను, అరిచి మరీ చెప్పాను. నా భయం పేరు పెట్టి ఏజాక్స్‌కి రాయమని నేనడిగానా?"

"నువ్వే కదా ఏడ్చావు ఫోన్లో."

"మీకు చెప్పుకుని ఏడ్చాను. హోవర్డ్‌కి పంపించమని ఏడవలేదు."

"నీ మంచికే చేశా" అన్నాడు. ఆ మాట అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆరో రోజున హోవర్డ్ దిగాడు. పండగ మొదటి రాత్రికి కుదరని ప్రయాణం అప్పుడు కుదిరింది. అరవై ఏళ్ళ మనిషి, మెత్తటి గొంతు. తనీష్‌కి బొమ్మ బస్సు తెచ్చాడు. నాకు చెయ్యిచ్చి, చాలా థాంక్స్ అన్నాడు. మీ ఫ్యామిలీ చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు అన్నాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగం అర్థం కాదు, అర్థమైన సగానికి కోపం వస్తుంది.

"మీ అమ్మగారు తలుపు తెరిచి ఉంచలేదు. మా బాబు తీశాడు. ఆవిడకి మతి బాగుంది. డబ్బా మీద అక్షరాలు నాకన్నా బాగా చదువుతుంది" అన్నాను, కూడబలుక్కుని.

"మీది మంచి మనసు. కానీ మీరే భయపడ్డారు కదా?"

"నా బిడ్డ కోసం భయపడ్డాను. ఆవిడ వల్ల కాదు. మా ఇద్దరి మధ్యా అయిపోయింది అది. ఇదిగో చూడండి, పిల్లాడు తీయకుండా ఆవిడే కొక్కెం కొట్టింది."

ఆయన తలెత్తి కొక్కెం చూశాడు. నేను చేసిన పని నాకు ఆ చూపులో తెలిసింది. "ఎనభై దాటిన మనిషి స్టూలెక్కి మేకులు కొడుతోంది. మీరే చూడండి" అన్నాడు మెల్లగా, బాధగా. ఫోన్ తీసి దాన్ని ఫోటో తీసుకున్నాడు.

నాకు ఇంగ్లీషు ఇంకొంచెం వచ్చి ఉంటే ఆ రోజు ఆ గుమ్మంలోంచి ఆయన కదిలేవాడు కాదు. వచ్చినన్ని మాటలూ అన్నాను. ఆయన అన్నిటికీ తల ఊపాడు. తల ఊపేవాడితో ఎలా పోట్లాడతారు? మామ్మ చెప్పిన భయం ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. మహీధర్ నా భుజం మీద చెయ్యి వేసి, "వాళ్ళ ఫ్యామిలీ మ్యాటర్" అన్నాడు. వాళ్ళ ఫ్యామిలీ మ్యాటర్ అయితే మెసేజ్ ఎందుకు పెట్టావయ్యా?

కొన్నాళ్ళు మార్పు కోసం అని చెప్పి హోవర్డ్ మర్నాడే ఆవిణ్ణి తీసుకెళ్ళాడు. వెంట చిన్న బట్టల పెట్టె ఒకటి. మామ్మ నల్లకోటు వేసుకుని వీధి తలుపు దగ్గర ఆగింది. తన కొక్కెం తనే తీయలేక నన్ను తీయమంది. తీశాను.

"పండగ ఇంకా అయిపోలేదు. నా నూడుల్సు నీ దగ్గరే ఉన్నాయి, జాగ్రత్త. పిన్ను నా దగ్గర ఉంది" అని కోటు జేబు తట్టింది. "వారంలో వస్తాను. లెక్క తేల్చుకుందాం."

హోవర్డ్ నన్ను చూసి జాలిగా నవ్వాడు, చూశారా ఏం మాట్లాడుతోందో అన్నట్టు. నాకూ ఆవిడకీ తప్ప ఆ మాట అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. చెబుదామని నోరు తెరిచాను. కారు తలుపు వేసేశాడు.

వారం కాదు, ఎండాకాలం వచ్చినా రాలేదు. జూన్‌లో ఇంటి ముందు అమ్మకం బోర్డు పాతారు. కొన్నవాళ్ళు మాకు వాటా ఉంచారు, వీధి తలుపు మార్చేశారు, కొక్కెంతో సహా. మొదట్లో నేను ఏజాక్స్‌కి ఫోన్ చేస్తే మామ్మకి ఇచ్చేవాళ్ళు. గది బాగుంది, సూపులో ఉప్పు లేదు, కిటికీలోంచి సరస్సు కాస్త కనిపిస్తుంది, ఓడలు లేవు అని చెప్పేది. ఆవిడను పెట్టింది మతిమరుపు వాళ్ళ అంతస్తులో. బయటికి పోయే తలుపుకి మీటలుంటాయి. నంబరు నొక్కితేనే తీస్తుంది. ఆ నంబరు పనివాళ్ళకి తెలుసు, హోవర్డ్‌కి తెలుసు.

"దేవీ" అంది ఒకసారి, గొంతు తగ్గించి. "పండగ వస్తే ఇక్కడ బల్ల వేస్తారట. మాట్సా కూడా పెడతారట. అన్నీ బాగానే ఉన్నాయి. ఏలీయాకి మాత్రం నంబరు ఎవరు చెబుతారు?"

నవ్వుతుందనుకుని ఆగాను. నవ్వలేదు.

చలికాలం వచ్చాక ఫోన్ ఇవ్వడం మానేశారు. ఒక నర్సమ్మాయి మాత్రం నిజం చెప్పింది. సాయంత్రాలు మామ్మ వెళ్ళి ఆ తలుపు దగ్గర నిలబడుతుందట, ఎవరో రావాలి తీయండి అంటుందట, అది ఆ జబ్బు లక్షణమట. బయటి ఫోన్ల వల్ల ఇంకా కలత పడుతుందని వాళ్ళ అబ్బాయి వద్దన్నారట. నేను ఇంగ్లీషు వెతుక్కునేలోపే లైను కట్టయింది. తలుపు దగ్గర నిలబడితే జబ్బా? అయితే నాకూ ఉంది ఆ జబ్బు. గొలుసు వేశానో లేదో రాత్రి ఎన్నిసార్లు లేచి చూస్తానో మహీధర్‌ని అడగండి. నేను మూసి ఉందా అని చూస్తాను, ఆవిడ తీసి ఉందా అని చూస్తుంది. నన్ను మంచి తల్లి అంటారు. ఆవిణ్ణి ఆ అంతస్తులో పెట్టారు.

నాకు ఇప్పుడు రెండో కాన్పు, నెలలు నిండుతున్నాయి. విమానం ఎక్కొద్దంది డాక్టరు. హోవర్డ్‌తో మర్యాదగా మాట్లాడి చూస్తానంటాడు మహీధర్. మీ మర్యాద ఏం చేస్తుందో చూశాను, వద్దన్నాను. అట్టపెట్టె నా మంచం కిందే ఉంది. నూడుల్సు, పిండి, బిస్కెట్లు, ఏదీ విప్పలేదు. వాళ్ళ ఆచారం ప్రకారం అవి ఇప్పటికీ నావే. నాకు అక్కర్లేదు.

ఇది చదివేవాళ్ళలో ఏజాక్స్‌లో ఉండేవాళ్ళు చాలామందే ఉంటారని తెలుసు. మీ వీకెండ్ పూజల ఫోటోలు చూస్తూనే ఉంటాను. ఈసారి పస్కా మొదటి రాత్రి ఏప్రిల్ ఒకటో తారీకు, బుధవారం. హోమ్ పేరు ఇక్కడ రాయను, పత్రికకి ఉత్తరం రాస్తే పంపుతాను. సాయంత్రం కాస్త ముందే వెళ్ళండి. ఎవరని అడిగితే మనవరాలి తరఫు వాళ్ళమని చెప్పండి, అది అబద్ధమేమీ కాదు. తినేవేవీ తీసుకెళ్ళకండి, ముఖ్యంగా ఇంగువ తగిలినవి. మీ పిల్లలుంటే తీసుకెళ్ళండి, చెయ్యి గట్టిగా పట్టుకుని. ఆ మీటల తలుపు దగ్గర ఆవిడ నిలబడి ఉంటే, ఒక్క నిమిషం దాన్ని తీసి పట్టుకోమని అక్కడి పనివాళ్ళని అడగండి. నిమిషం చాలు. తర్వాత మూసేసుకోవచ్చు.

ఆవిడ ఎలా ఉందో చూడండి. చిక్కిందా, ఎవరైనా తల దువ్వుతున్నారా, నవ్వుతోందా. నల్లకోటు కుడి జేబులో నీలం రాయి పిన్ను ఇంకా ఉందో లేదో అడగండి. ఉందంటే, పెట్టె భద్రంగా ఉందని, దేవిశ్రీ చెప్పమందని చెప్పండి. చూసి వచ్చి నాకు ఒక్క ముక్క రాయండి.